బకెట్లో ఎర్ర చేపలు

శవం నీళ్ళలో దొరికింది. హంతకుడు ఒడ్డున దొరికాడు. పోలీసులకి ఇంతకంటే ఏం కావాలి?

చనిపోయినవాడు ఫొమ్మా. హాత్‌కోయ్ ఊరి జాలరి. యాభై ఎనిమిదేళ్ళవాడు. వానాకాలపు వ్రతాలు ముగిసే పున్నమి పొద్దున, ఊరు ఊరంతా గుడిలో భిక్షువులకి అన్నం పెడుతున్న వేళ, డ్యామ్ కింద బండల మధ్య తల పగిలి పడి ఉన్నాడు. ఆ తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు సొంత అల్లుడు సమ్లాన్. చొక్కా నిండా రక్తం. ఒళ్ళంతా తడి.

ఎవరూ ఏమీ అడక్కముందే వాడే అన్నాడు.

"నేనే చంపాను."

అంతే. ఇంకో మాట లేదు.

దుర్మరణం పాలైనవాణ్ణి ఆ ఊళ్ళో ఇంటి మెట్లు ఎక్కించరు. చితి పేర్చరు. పొద్దు కుంకకముందే అడవి అంచున పాతిపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశారు. డాక్టరు చూడలేదు. పోస్ట్‌మార్టం లేదు. ఫొటో ఒక్కటి తీశారు, అదీ మసగ్గా.

ఆరో రోజున ఫైలు జిల్లా పోలీసు కెప్టెన్ ఇన్‌పెంగ్ బల్ల మీదికి వచ్చింది. పరిశోధించడానికి కాదు, సంతకం పెట్టడానికి. మర్నాడు పొద్దున్నే సమ్లాన్‌ని ప్రొవిన్స్ జైలుకి పంపాలి. హత్య కేసు. పైగా నేరం ఒప్పుకున్నాడు. అక్కడికి వెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి, ఇప్పుడు పెళ్ళాం కడుపులో ఉన్న బిడ్డకి పెళ్ళీడు వస్తుంది.

ఇన్‌పెంగ్ పెన్ను తీశాడు. మళ్ళీ మూత పెట్టాడు. ఆయనకి పన్ను నొప్పి. రెండు రోజులుగా కుడి దవడతోనే నములుతున్నాడు. పన్ను నొప్పి ఉన్నప్పుడు ఆయన ఎవర్నీ నమ్మడు. లేనప్పుడు మాత్రం నమ్ముతాడా అంటే, అదీ లేదు.

"ఆ కుర్రాణ్ణి తీసుకురండి" అన్నాడు.

సమ్లాన్ వచ్చి నిలబడ్డాడు. కళ్ళు లోపలికి పోయాయి. చేతిలో మూత తీయని వెదురు బుట్ట. అందులో జిగట అన్నం.

"దేంతో కొట్టావు?"

"నేనే చంపాను సార్."

"అది ఫైల్లో ఉంది. దేంతో అని అడుగుతున్నా. రాయా, కర్రా?"

సమ్లాన్ నేల చూపులు చూశాడు.

"తెలీదు."

"కొట్టినవాడికి దేంతో కొట్టాడో తెలీదా? ఏంట్రా, నా చెవిలో పువ్వు పెడదామనుకుంటున్నావా?"

సమ్లాన్ బుట్టని రెండో చేతికి మార్చుకున్నాడు.

"ఎక్కడ పని నీకు?"

"పవర్‌హౌస్‌లో. టర్బైన్ దగ్గర హెల్పర్ని."

"ఆ పొద్దున డ్యూటీలో ఉన్నావా?"

ఆ ఒక్క ప్రశ్నకి వాడి వేళ్ళు బుట్ట మూత మీద బిగుసుకున్నాయి.

"లేదు సార్. పున్నమి రోజున మెషీన్ ఆపేశారు. ఎవరికీ డ్యూటీ లేదు."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఇన్‌పెంగ్ వాడి మొహం చూస్తూ కూర్చున్నాడు.

"ఆ అన్నం ఎవరు పంపారు?"

"అత్తయ్య."

"మొగుణ్ణి చంపినవాడికి అన్నం పంపుతోందా?"

"రోజూ" అన్నాడు సమ్లాన్.

ఇన్‌పెంగ్ ఫైలు మూసేసి జీపు తాళాలు తీసుకున్నాడు.

* * *

హాత్‌కోయ్ ఊరికి వెళ్ళే దారంతా పొగమంచు. మిట్టమధ్యాహ్నం కావస్తున్నా విడలేదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా డ్యామ్ నిలబడి ఉంది. నలభై మీటర్ల గోడ. దాని కాళ్ళ దగ్గర పవర్‌హౌస్. మెషీన్ నడుస్తోంది. జీపు దిగి నిలబడితే అరికాళ్ళకి ఆ అదురు తెలుస్తోంది. ఈ ఊరి పిల్లలకి పుట్టినప్పటినుంచీ అది అలవాటే. ఇన్‌పెంగ్‌కి మాత్రం కాలి కింద ఏదో బతికున్నది కదులుతున్నట్టు అనిపించి, అడుగు పక్కకి వేశాడు.

గ్రామ పెద్ద ఖమ్‌వన్ ఎదురొచ్చాడు. లావుపాటి మనిషి. అడక్కుండానే మాట్లాడే రకం.

"ఇందులో ఏముంది కెప్టెన్ గారూ, అంతా తెలిసిందే. ముందురోజు సాయంత్రం మామా అల్లుళ్ళు అరుచుకున్నారు. నా చెవులారా విన్నాను."

"ఏమని?"

"'నేను చస్తే పాపం నీదే' అని ఫొమ్మా గట్టిగా అరిచాడు. మా ఇంటిదాకా వినపడింది."

"అల్లుడేమన్నాడు?"

"వాడి మాట వినపడలేదు. నోట్లో నాలుక లేని వెధవ. అలాంటివాళ్ళతోనే భయం."

"ఫొమ్మా ఏటికి ఎందుకెళ్ళాడు? శీల దినం కదా. ఊళ్ళో ఎవరూ వల ముట్టుకోరుగా."

ఖమ్‌వన్ గొంతు తగ్గించాడు.

"అదే సార్ సిగ్గుచేటు. మా ఊళ్ళో పుట్టి బుద్ధెరిగిన ఏ మనిషీ ఆ రోజు చేప మీద చెయ్యి వెయ్యడు. వీడు వేశాడు. దొంగచాటుగా. అందుకే ఆ చావు వచ్చింది. పెళ్ళాం మాత్రం పుణ్యానికి వెళ్ళాడంటుంది. చచ్చినవాడి కళ్ళు చేరెడు అని ఊరికే అన్నారా?"

ఇన్‌పెంగ్ దవడ నొక్కుకున్నాడు.

"మరి ఆ రోజు నీళ్ళు పెరిగాయా?"

"ఇక్కడ చూసిందెవరు? అందరం గుడిలోనే. డప్పులు, మంత్రాలు. కింద పట్నంలో మాత్రం పడవ పందేల వేళకి నది నిండిందట. అంతకుముందు మోకాలి లోతు కూడా లేదు. నాగదేవుడి దయ అన్నారు. కొండల్లో వాన పడిందని ఇంజనీరు గారన్నారు."

"మీ ఊళ్ళో వాన పడిందా?"

"చినుకు లేదు" అన్నాడు ఖమ్‌వన్. అని, ఏదో అనకూడనిది అన్నట్టు నోరు మూసుకున్నాడు.

* * *

ఫొమ్మా భార్య బువాసీ మెట్ల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. లోపల కూతురు కేసొన్ గోడకి ఆనుకుని ఉంది. నెలలు నిండిన కడుపు. పోలీసు టోపీ చూడగానే ఆ పిల్ల లేవబోయింది.

"కూర్చో తల్లీ" అన్నాడు ఇన్‌పెంగ్. "అక్కా, ఒక్క సంగతి అడగాలి. అల్లుడికి రోజూ అన్నం ఎందుకు పంపుతున్నావు?"

"ఆకలేస్తుంది కాబట్టి" అంది బువాసీ.

"వాడే చంపానంటున్నాడు."

"వాడా? కోడిని కొయ్యమంటే పక్కింటివాణ్ణి పిలుచుకొచ్చే మనిషి. మా ఆయన వాణ్ణి నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు. చంపాడట! ఎందుకంటున్నాడో వాడికే తెలియాలి. నాకు చెప్పడు. నా అన్నం ముట్టుకోడు."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. వెల్లుల్లి ఘాటుకి కారుతున్నాయని అనుకోమన్నట్టు కార్చేసింది.

"ముందురోజు అరుచుకున్నారట?"

"అరుపా! మా ఆయనకి చెవుడండీ. మామూలుగా మాట్లాడితేనే ఊరంతా వినపడేది. ఖమ్‌వన్‌కి అరుపు వినపడింది. నవ్వు వినపడలేదు కాబోలు."

"శీల దినాన ఏటికి ఎందుకెళ్ళాడు?"

"మెషీన్ ఆపితే ఏటి నీళ్ళు దిగిపోతాయి. బండల గుంటల్లో చేపలు చిక్కుకుపోతాయి. వాటిని ఏరి లోతు నీళ్ళలో వదిలితే పుణ్యం. పిల్లది సుఖంగా ప్రసవించాలని మొక్కుకున్నాడు. గుడి నుంచి వచ్చాక వెళ్తానని అల్లుడితో అన్నాడు. తెల్లారేసరికి మనసు మార్చుకున్నాడు. ఎండెక్కితే గుంటల్లో చేపలు ఉడికిపోతాయి, ముందు అవి, తర్వాత గుడి అని చీకట్లోనే వెళ్ళిపోయాడు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు."

"ఏం తీసుకెళ్ళాడు?"

"బకెట్."

ఇన్‌పెంగ్ చెయ్యి దవడ మీది నుంచి దిగింది.

"చేపల బుట్ట కాదా?"

"అదిగో, బుట్ట చూరుకే వేలాడుతోంది. వాడనప్పుడు అక్కడే దాని చోటు. ఆ రోజు కూడా తియ్యలేదు."

నీలం ప్లాస్టిక్ బకెట్ మెట్ల కింద ఉంది. ఓ పక్క పగిలింది. మూతకి తాడు. పోలీసులు దాని వంక కూడా చూడలేదు.

"ఇది ఎక్కడ దొరికింది?"

"రెండు బండల మధ్య ఇరుక్కుని ఉంటే నేనే తెచ్చుకున్నా" అంది కేసొన్ లోపలినుంచి. "మూత కట్టే ఉంది. అడుగున కొంచెం నీళ్ళు. చేపలున్నాయి."

"బతికున్నాయా?"

"వెల్లకిలా తేలుతున్నాయి. రెండిటికి మాత్రం మొప్పలు ఆడుతున్నాయి. కాసేపటికి అవీ పోయాయి."

"ఆ చేపలేం చేశారు?"

తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"పారెయ్యలేకపోయా" అంది బువాసీ. "ఆయన చేత్తో పట్టిన ఆఖరివి. మర్నాడు ఉప్పు కలిపి పాడేక్ ఊరబెట్టే జాడీలో వేశా. చిన్నవి కదా, కడుపు కూడా తియ్యలేదు."

వంటింటి మూల పొడుగాటి మట్టి జాడీ. మూత తియ్యగానే ఊరుతున్న చేపల వాసన గుప్పుమంది. ఆ వాసనతో పెరిగినవాడు కాబట్టి ఇన్‌పెంగ్ మొహం తిప్పుకోలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఉప్పులోంచి ఒక చేపని తీశాడు.

ఎర్రటి చేప. అరచెయ్యంత. కళ్ళు రెండూ గుంటల్లోంచి బయటికి ఉబికి ఉన్నాయి. నోట్లోంచి ఏదో నాలుకలాంటిది బయటికి పొడుచుకొచ్చింది. అది నాలుక కాదు. చేప కడుపు సంచి.

ఇంకోటి తీశాడు. అదీ అంతే. మూడోది సగమే ఉంది. తల వైపు లేదు.

"కత్తి ఇవ్వక్కా."

పొట్ట కోశాడు. వెన్నెముక కింద తెల్లగా, నిండుగా ఉండాల్సిన గాలి తిత్తి లేదు. చిరిగిన గుడ్డపేలికలాంటి పొర మిగిలింది.

కాళ్ళ కింద ఇంటి పలకలు సన్నగా అదురుతున్నాయి. దూరంగా పవర్‌హౌస్ తన పని తను చేసుకుపోతోంది.

"ఏముంది తమ్ముడూ?" అంది బువాసీ భయంగా.

"జాడీ మూసెయ్. ఎవరినీ ముట్టుకోనివ్వకు. సాయంత్రం మళ్ళీ వస్తా. ఒక్కణ్ణే కాదు."

* * *

పవర్‌హౌస్ ఇంజనీరు ఫెట్‌సమోన్ మర్యాదస్థుడు. ఇస్త్రీ చొక్కా. కాఫీ తెప్పించాడు. పన్ను నొప్పి అంటే మాత్ర కూడా ఇచ్చాడు.

"పాపం ఫొమ్మా. మంచివాడే. ఎప్పుడూ చేపలు చచ్చిపోతున్నాయని మా మీద పడేవాడనుకోండి. అయినా మంచివాడే."

"మెషీన్ ఎప్పుడు ఆపారు?"

"పున్నమి ముందు సాయంత్రం. మళ్ళీ పున్నమి రోజు మధ్యాహ్నమే మొదలుపెట్టాం. గుడిలో పెద్ద భిక్షువు గారికి ఊరందరి ముందూ మాటిచ్చాను, శీల దినాన పొద్దున్నే మెషీన్ తిప్పబోమని. కంప్యూటర్లో చూడండి, సున్నా."

"కంప్యూటర్లో సున్నా వేసేదీ మనుషులేగా. గేట్లు?"

"అన్నీ మూసే ఉన్నాయి. చుక్క కారలేదు."

"పైన జలాశయంలో ఏవో ఎర్రటి చేపలు పెంచుతున్నారటగా? మా ఆవిడ అడిగింది."

ఫెట్‌సమోన్ మొహం విప్పారింది.

"ఎర్ర తిలాపియా. మా కంపెనీ వల పంజరాల్లోనే. పిల్లల్ని విదేశం నుంచి తెప్పించాం. ఈ నదిలో ఇంకెక్కడా దొరకవు సార్. పోయిన నెల ఒక పంజరం వల చిరిగి కొన్ని జలాశయంలోకి పోయాయి. అదే బాధ. మీ ఆవిడ గారికి రెండు కిలోలు పంపిస్తా."

"పంపకండి. పన్ను నొప్పి" అన్నాడు ఇన్‌పెంగ్. "సాయంత్రం ఫొమ్మా ఇంటికి రండి. చివరి పంచనామా. కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి ఉండాలి."

"తప్పకుండా" అన్నాడు ఫెట్‌సమోన్.

* * *

ఎండ వాలే వేళకి బువాసీ ఇంటి వసారాలో అందరూ చేరారు. గ్రామ పెద్ద ఖమ్‌వన్. ఇంజనీరు ఫెట్‌సమోన్. తల్లీ కూతుళ్ళు. జీపులోంచి సమ్లాన్‌ని దింపారు, చేతులకి బేడీలతో. కేసొన్ లేచి నిలబడింది. వాడు ఆమె వైపు చూడలేదు.

మధ్యలో చాప. చాప మీద పళ్ళెం. పళ్ళెంలో ఉప్పు చేపలు.

"ఇదేంటి సార్, విందా?" అని నవ్వబోయాడు ఖమ్‌వన్. ఎవరూ నవ్వలేదు.

"పెద్దాయనా, నువ్వు చెప్పు" అన్నాడు ఇన్‌పెంగ్. "చేపల్ని చంపడానికి వెళ్ళేవాడు ఏం తీసుకెళ్తాడు?"

"బుట్ట."

"బతికుంచడానికైతే?"

"బకెట్. నీళ్ళు పోసుకోవాలి కదా."

"ఫొమ్మా బకెట్ తీసుకెళ్ళాడు. బుట్ట చూరుకే ఉంది, నీ నెత్తి మీదే. ఆరు రోజులుగా అతను పాపం చేశాడని ఊరంతా చెప్పుకు తిరిగావు. ఆ సంగతి తర్వాత. ఇప్పుడు ఈ చేపని చూడు. ఏ రంగు?"

"ఎరుపు."

"ఎప్పుడైనా ఈ రంగు చేప నీ వలలో పడిందా?"

"ఇక్కడ ఉండవండీ. పైన కంపెనీవాళ్ళ దగ్గరే."

"అవునా ఇంజనీరు గారూ?"

ఫెట్‌సమోన్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. "తప్పించుకున్నవి కావచ్చు."

"తప్పించుకుని ఎటు వచ్చాయి? గేట్లు మూసి ఉన్నాయి. మూసిన గేటుకి దణ్ణం పెట్టి గోడ దూకాయా?" ఇన్‌పెంగ్ చేపని ఎత్తి పట్టుకున్నాడు. "మా నాన్న మెకాంగ్ మడుగుల్లో గేలం వేసేవాడు. ఇరవై బారల లోతు. చేపని గబగబా లాగితే పైకి వచ్చేసరికి ఇలాగే ఉండేది. కళ్ళు బయటికి, కడుపు నోట్లోకి. నెమ్మదిగా లాగరా అని నన్ను తిట్టేవాడు. చేప పొట్టలో గాలి తిత్తి ఉంటుంది. లోతులో నీటి బరువు దాన్ని నొక్కి ఉంచుతుంది. ఆ బరువు ఒక్కసారిగా పోతే తిత్తి ఉబ్బుతుంది. కాసీ కనుమ ఎక్కేటప్పుడు బస్సులో చిప్స్ ప్యాకెట్ ఉబ్బదూ? అలా. జెల్లలాంటివైతే గొంతులోంచి కొంత గాలి వదిలేస్తాయి. తిలాపియాకి ఆ దారి లేదు. పగులుతుంది."

"అయితే ఫొమ్మా లోతులోంచి లాగి ఉంటాడు" అన్నాడు ఖమ్‌వన్.

"డ్యామ్ కింద మెషీన్ ఆగి ఉంటే నీళ్ళు మోకాలి లోతు. ఎక్కడ్నించి లాగుతాడు? ఈ నదిలో అంత బరువు కింద చేపని ఉంచి, రెప్పపాటులో ఆ బరువు తీసేసే చోటు ఒక్కటే ఉంది. టర్బైన్. పైన జలాశయం అడుగు నుంచి లోపలికి పీల్చుకుంటుంది. రెక్కలు దాటగానే ఒత్తిడి దబ్బున పడిపోతుంది. రెక్క తగిలినవి ఇదిగో, ఇలా సగం అవుతాయి."

ఫెట్‌సమోన్ తేరుకున్నాడు.

"బాంబు వేసినా తిత్తి పగులుతుంది కెప్టెన్. ఈ ఊళ్ళో బాంబు వేటగాళ్ళు లేరా?"

"బాంబు వేస్తే గుడిలో ఇంతమందికి వినపడదా? పైగా కింద ఏట్లో బాంబు వేస్తే, పైన మీ జలాశయంలో చేపలెలా చస్తాయి?"

"మరి ముందురోజు మెషీన్ ఆపకముందు చచ్చినవై ఉంటాయి."

"రాత్రంతా పడి ఉన్న చేపకి పొద్దున మొప్పలు ఆడతాయా? ఈ పిల్ల బకెట్ తెచ్చినప్పుడు రెండు చేపలు ఇంకా ఊపిరి తీస్తున్నాయి. అంటే మెషీన్ ఆ పొద్దునే తిరిగింది. ముందు కొంచెంగా. అప్పుడు ఈ చేపలు వెల్లకిలా తేలుతూ వచ్చాయి. గుంటల్లో చేపల కోసం వచ్చిన ఫొమ్మా వీటిని చూశాడు. అయ్యో అనుకుని ఇంకా లోపలికి దిగాడు. చచ్చినవీ బతికున్నవీ చూడకుండా ఏరి బకెట్లో వేసి మూత కట్టాడు. తర్వాత మెషీన్ పూర్తిగా తిరిగింది. మనిషెత్తు నీళ్ళు మీద పడ్డాయి. చెవిటివాడు, వచ్చేది వినపడలేదు. తల బండకి కొట్టుకుంది."

బువాసీ చీర కొంగులాంటి తన పైగుడ్డని నోట్లో కుక్కుకుంది.

ఇన్‌పెంగ్ తిరిగాడు.

"సమ్లాన్. మెషీన్ తిప్పింది ఎవరు?"

సమ్లాన్ తల ఎత్తాడు. ఆరు రోజుల తర్వాత మొదటిసారి భార్య మొహం చూశాడు.

"నేనే."

కేసొన్ గోడ పట్టుకుంది.

"చూశారా!" ఫెట్‌సమోన్ ఎగిరి లేచాడు. "వాడే ఒప్పుకుంటున్నాడు! నీళ్ళొస్తున్నాయని చెప్పే సైరన్ కూడా మోగించకుండా తిప్పేశాడు వెధవ!"

ఇన్‌పెంగ్ నెమ్మదిగా కాళ్ళు చాపుకున్నాడు.

"సైరన్ సంగతి నేనెత్తలేదే. ఇంతసేపూ మెషీనే తిరగలేదన్నావు. తిరగని మెషీన్‌కి సైరన్ మోగలేదని నీకెలా తెలిసింది?"

ఫెట్‌సమోన్ మెట్ల వైపు చూశాడు. వాకిట్లో కానిస్టేబుల్ మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"చెప్పు నాయనా" అన్నాడు ఇన్‌పెంగ్ సమ్లాన్‌తో. ఆ గొంతులో పోలీసు లేడు.

"ఆ రోజు మెషీన్ ఉండదని మామయ్యకి చెప్పింది నేనే సార్. నిజంగా ఆపుతారా అని నాలుగుసార్లు అడిగాడు. ఒట్టేశాను. నవ్వి, 'సరే, నేను చస్తే పాపం నీదే' అన్నాడు. తెల్లారకుండానే ఈ ఇంజనీరే ఫోన్ చేసి రమ్మన్నాడు. పట్నంలో పడవ పందేలకి పెద్దవాళ్ళొస్తున్నారు, నది ఎండిపోయి ఉంది, నీళ్ళిస్తానని మాటిచ్చానన్నాడు. సైరన్ అన్నాను. సైరన్ మోగితే గుడిలో ఇచ్చిన మాట పోతుంది, శీల దినాన ఏట్లో ఎవడుంటాడు, తిప్పరా అన్నాడు. మామయ్య గుడిలోనే ఉన్నాడనుకున్నా. దానం అయ్యాకే వెళ్తానన్నాడు. తిప్పాను. కిటికీలోంచి చూస్తే, నీళ్ళ మీద ఆయన టోపీ..."

వాడు బేడీల చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"తర్వాత?"

"మెషీన్ ఆపేసి కిందికి పరుగెత్తబోతే ఈయన అడ్డొచ్చాడు. నోరు మూసుకుంటే కేసొన్‌నీ బిడ్డనీ కంపెనీ చూసుకుంటుందన్నాడు. నోరు తెరిస్తే తండ్రిని చంపిన చెయ్యి నాదేనని ఆమెకి తెలుస్తుందన్నాడు. మామయ్యని చంపానని చెప్పగలిగాను సార్. ఎలా చంపానో చెప్పలేకపోయాను."

"నాకు పైనుంచి ఒత్తిడి" అని గొణిగాడు ఫెట్‌సమోన్. "మీకు తెలీదు, ఎంత ఒత్తిడో..."

ఇన్‌పెంగ్ పళ్ళెంలోని చేపని ఆయన ముందుకి జరిపాడు.

"దీనికంటేనా?" అన్నాడు. "తీసుకెళ్ళండి వీణ్ణి."

కంపెనీ జీపు వాకిట్లోనే ఉండిపోయింది. ఫెట్‌సమోన్ పోలీసు జీపులో వెళ్ళాడు. ఖమ్‌వన్ బువాసీకి చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఇన్‌పెంగ్ సమ్లాన్ బేడీలు తీశాడు.

"నువ్వూ కోర్టుకి రావాలి. సాక్షిగా. నీ చెయ్యి సంగతి జడ్జి తేలుస్తాడు. అంతవరకూ నా పూచీ మీద ఇంట్లో ఉండు."

సమ్లాన్ కదల్లేదు. తల దించుకుని కూర్చున్నాడు. బువాసీ లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చేసరికి చేతిలో వెదురు బుట్ట. వాడి ముందు పెట్టి మూత తీసింది. వేడి అన్నం ఆవిరి లేచింది.

"ఆరు రోజులుగా నిండా పంపితే నిండా తిరిగొస్తోంది. నా చెయ్యి చేదయిందనుకున్నా."

"అత్తయ్యా, నా చేత్తోనే..."

"విన్నాను. చెవుడు మీ మామయ్యకి. నాకు కాదు." ఆమె గొంతు గట్టిగానే ఉంది. "కోపం లేదని అబద్ధమాడను. ఉంది. చాలాకాలం ఉంటుంది. కానీ కోపానికి అన్నం మాన్పించడం మా ఇంట్లో లేదు. తిను."

కేసొన్ వచ్చి వాడి పక్కన కూర్చుంది. అన్నం ముద్ద చేసి వాడి అరచేతిలో పెట్టింది. వాడు దాన్ని పట్టుకుని ఏడ్చాడు. చాలాసేపటికి తిన్నాడు.

బువాసీ మెట్ల కిందినుంచి నీలం బకెట్ తెచ్చింది. పగిలిన చోట గుడ్డ కుక్కి, మైనం అద్ది ఉంది.

"కేసు తేలేదాకా మెషీన్ ఆపుతారటగా తమ్ముడూ?"

"ఆపమని చెప్పేశాను."

"అయితే తెల్లారేసరికి నీళ్ళు దిగిపోతాయి." ఆమె బకెట్‌ని అల్లుడి ముందు పెట్టింది. "ఆయన మొక్కు సగంలో ఉంది. పాపం నీదేనన్నాడుగా. మొక్కు కూడా నీదే."

* * *

మర్నాడు పొద్దున సమ్లాన్ ప్రొవిన్స్ జైలుకి వెళ్ళలేదు. బకెట్ పట్టుకుని డ్యామ్ కింద ఒడ్డున నిలబడ్డాడు.

నది దిగిపోయి ఉంది. బండల గుంటల్లో చేపలు తోకలు కొట్టుకుంటున్నాయి. పది అడుగులు వేస్తే అందుతాయి. వాడి కాలు ముందుకి పడటంలేదు. ఎదురుగా నలభై మీటర్ల గోడ. గోడ వెనక నది మొత్తం నిలబడి ఉంది. నేల అదరడంలేదు. అదరకపోయినా నమ్మడమెలా? ఆ రోజు కూడా ఇలాగే అదరలేదు.

పవర్‌హౌస్ కిటికీ తెరుచుకుంది.

ఇన్‌పెంగ్ తల బయటికి పెట్టాడు. దవడకి గుడ్డ కట్టుకున్నాడు. పన్ను ఇంకా పీకించుకోలేదు. చెయ్యి బయటికి చాపి, మెషీన్ తాళంచెవిని సమ్లాన్‌కి కనపడేలా ఎత్తి చూపించాడు. తర్వాత దాన్ని తన జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

సమ్లాన్ నీళ్ళలోకి దిగాడు.

ఇన్‌పెంగ్ కిటికీ దగ్గరే కుర్చీ లాక్కున్నాడు. ఆఖరి గుంటలో ఆఖరి చేపని లోతు నీళ్ళలో వదిలి, ఖాళీ బకెట్‌తో ఆ కుర్రాడు గట్టెక్కేదాకా అక్కణ్ణించి లేవలేదు.